రేవు బంగళాకి రేపుందా?

“మేడమ్, పక్కకి తప్పుకోండి. కూల్‌గా కూల్చేసి వెళ్ళిపోతాం,” అన్నాడు జేసీబీ పక్కన నిలబడ్డ ఇంజనీరు ఫణీంద్ర, తన జోకుకి తనే నవ్వుకుంటూ.

ప్రసన్నకుమారి కదల్లేదు. వట్లూరు కాలేజీలో చరిత్ర చెప్పే ఆవిడ, ఆ ఉదయం ఏలూరు కాలవ గట్టున రేవు బంగళా కమానుకి అడ్డంగా నిలబడింది. చేతిలో ఫోను స్పీకర్లో ఉంది. “కలెక్టరుగారు మీటింగులో ఉన్నారు, లైన్లో ఉండండి” అన్నారు అటునుంచి. అప్పట్నుంచీ ఫోనులో వీణ వాయిస్తూనే ఉన్నారు.

“ఇంకా లైన్లోనేనాండీ? రేషను షాపులో అయితే ఈపాటికి బియ్యం వచ్చేసేవి! గోడలు పుచ్చిపోయాయి, తుమ్మితే కూలుతాయని రాసి సంతకం పెట్టింది నేను. ఈ రేవుకి ఇక రేపు లేదు,” అన్నాడు ఫణీంద్ర.

“డంగుసున్నం గోడలండీ ఇవి! ధాన్యం పడవలు ఈ కమాను కిందనుంచి సరాసరి లోపలికొచ్చేవి, వానొచ్చినా గింజ తడవకుండా. ఇదిగో, పడవలు కట్టిన ఇనపకడియం. నా గోడు వినకపోతే పోయె, గోడ మాటయినా వినండి.”

“పడవలా? గడ్డి కనబడుతుంటే నీళ్ళెక్కడండీ?”

“ఆ గడ్డి కింద గట్టినేల లేదండీ. పడవల దారి పూడిపోయిన బురద అది. బండి అటు తేకండి.”

“చరిత్ర చెప్పే ఆవిడ భూగోళం చెబుతున్నారే!” ఫణీంద్ర చెయ్యూపాడు. “సీమోనూ, గడ్డిమీదనుంచి పక్కగోడకి పోనియ్!”

డ్రైవరు సీమోను జేసీబీని గడ్డిమీదకి ఎక్కించాడు. పెరుగుమీద మీగడలా చిరిగింది గడ్డి. వెనక చక్రాలు దిగబడ్డాయి. బండి మూతి పైకెత్తి, కాలవలోకి వెనక్కి జారడం మొదలెట్టింది.

“బాబోయ్, పట్టుకోండి!” కేబిన్లోంచి సీమోను కేక.

కూలీలు ముందు బకెట్‌కి ఇనపతాడు తగిలించి లాగారు. బండి ఆగలేదు సరికదా, వాళ్ళూ దాంతోపాటే జారుతున్నారు.

“గోడకున్న కడియానికి కట్టండి!” అని అరిచింది ప్రసన్నకుమారి.

మేస్త్రి అప్పారావు తాడు పట్టుకుని తటపటాయించాడు. “అమ్మో, ఆ గోడ మనమీద పడిపోద్దండీ! తుమ్మితే కూలుద్దని ఇంజనీరుగారే రాశారు కదండీ!”

“రాతలు తర్వాత, ముందు కట్టవయ్యా!” గొంతు చించుకున్నాడు ఫణీంద్ర. “నేను చూశాగా, అది గోడ కాదు, కొండ! ఇంకో నూరేళ్ళయినా కదలదు!”

అప్పారావు కట్టాడు. తాడు బిగిసింది. కడియం కిర్రుమంది. గోడనుంచి చిటికెడు సున్నం కూడా రాల్లేదు. ఎన్నాళ్ళకో ఆ రేవులో మళ్ళీ ఒక పడవ ఆగినట్టు, జేసీబీ బుద్ధిగా ఆగింది. సీమోను కిందికి దూకి గోడకి దణ్ణం పెట్టాడు. గట్టుమీద జనం ఈలలేశారు.

ఫణీంద్ర చెమట తుడుచుకుంటున్నాడు. ప్రసన్నకుమారికి అప్పుడు తెలిసింది, చేతిలోని ఫోనులో వీణ ఆగిపోయి చాలాసేపయిందని.

“ఫణీంద్రగారూ,” అంది ఫోనులోంచి కలెక్టరుగారి గొంతు, “ఇందాక నూరేళ్ళన్నారు కదా, ఆ మాటే రాసి సంతకం పెట్టి తీసుకురండి.”