వందో మనిషి

వర్ష ఛానల్‌కు తొంభై తొమ్మిది మంది సబ్‌స్క్రైబర్లు. ఈ రాత్రి వంద నిండకపోతే మూసేస్తానని అమ్మకు మాటిచ్చింది. కొత్తపేట కిరాయి గదిలో లైటార్పి, ఫోన్‌లో కార్ల పందెం ఆడుతూ, పక్కన పడుకున్న అమ్మ లేవకుండా లైవ్‌లో గుసగుసగా మాట్లాడుతోంది. చూస్తున్నది ఒక్కరు.

కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. వైఫై డబ్బా మీద లైట్లన్నీ ఆరిపోయాయి. ఫోన్‌లో వేరే నెట్ లేదు. అయినా చూస్తున్నది ఒక్కరు అనే ఉంది.

కామెంటు వచ్చింది: "జర గట్టిగ మాట్లాడు బిడ్డా. ఇనొస్తలేదు."

ఉక్కకు అమ్మ కదిలింది. "కరెంటే లేదు, ఎవరితోనే ముచ్చట్లు? పండుకో!"

వర్ష చూస్తుండగానే తొంభై తొమ్మిది వంద అయింది. భయం వేయాలి. వేయలేదు. ఇన్ని నెలల్లో తనను గట్టిగా మాట్లాడమన్నవాళ్లు ఎవరూ లేరు.

గొంతు సవరించుకుంది.

"ఇప్పుడు ఇనొస్తుందా?" అంది, చీకట్లోకి.