నీ పేరు చెప్పు

“కార్డు ఉండాదా? ఆధార్ లేకుంటే లోపలికి రానియ్యను, ముందే చెప్తుండా,” కిటికీ అవతలి నుంచి అంది నర్సు కరుణాకుమారి.

ఎస్తేరమ్మ కొంగుముడి విప్పి కార్డు తీసింది. పక్కన చక్రాల కుర్చీలో పిల్ల ఎగశ్వాసతో కొట్టుకుంటోంది. ముఖానికంతా తువ్వాలు. కనబడే కళ్ళు కూడా వాచిపోయాయి. ఆస్పత్రి మొత్తానికి ఆక్సిజన్ ఉన్న మంచం ఇంకొక్కటే మిగిలింది. అది దొరక్కపోతే ఈ పిల్ల సాయంత్రం దాకా ఉండదు.

“మెర్లిన్, పంతొమ్మిదేళ్ళు.” కరుణాకుమారి కార్డును, పిల్లను మార్చి మార్చి చూసింది. “ఫొటో ఏందక్కా ఇట్టుండాది?”

“ఆధార్ ఫొటోలో ఎవురు మాత్రం వాళ్ళ మాదిరి ఉంటారు తల్లీ? బిన్నా కానీ, పిల్లకి ఊపిరాడ్డంలా.”

“మీది కోట టౌను అవతల గదా? మీ తుపాను షెల్టరులో బర్మావాళ్ళుండారంటనే?”

“ఉండారు.”

మొత్తం ఏడుగురు. అక్కడ సైన్యం ఊళ్ళు తగలబెడితే పారిపోయి వచ్చి, రొయ్యల షెడ్డులో పనికి కుదిరారు. జ్వరాలు మొదలయ్యాయో లేదో ఓనరు బయటికి గెంటేశాడు. ఊరన్నాక కాస్త జాలి ఉండొద్దూ? గుక్కెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు ఎవరూ. రెండు పూటలా గంజి మోసింది మెర్లిన్ ఒక్కతే.

“గంజి మోసే అంటించుకునింది నా బిడ్డ. వొద్దే అంటే విన్లా.” ఎస్తేరమ్మ పిల్ల ముఖమ్మీది తువ్వాలు సర్దింది. “మళ్ళా వాళ్ళ మొహం చూడగూడదనుకున్నా. కడుపు అట్టా మండింది తల్లీ.”

“మండదా మరి! నిన్న ఆ షెల్టరు నుంచే ఫోను. ఎవురో ఆడపిల్లకి ఊపిరాడలేదంట. కార్డు లేనోళ్ళను తేవద్దని చెప్పేసినా. నేనేం చేసేది, పైనోళ్ళ ఆర్డరు.” కరుణాకుమారి చూపు ఎస్తేరమ్మ చీర మీద పడింది. అంచుకంతా తడి ఇసుక. “బుధవారం పూట తెల్లచీరేందక్కా?”

“పొద్దున ప్రార్థన ఉన్నింది.”

నర్సు బయటికొచ్చి కుర్చీ ముందు వంగింది.

“పాపా, నీ పేరు చెప్పు.”

ఎస్తేరమ్మ కుర్చీ పిడిని గట్టిగా పట్టుకుంది. ఆటోలో దారి పొడవునా ఆమె అడుగుతూ వచ్చిందీ ఇదే. పిల్లను మగతలోకి జారనివ్వకుండా పదే పదే చెప్పించింది.

తువ్వాలు కదిలింది.

“మె...ర్లిన్.”

“సరే, పదండి,” అంది నర్సు. కుర్చీ లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. ఎస్తేరమ్మ అక్కడే చతికిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

బయట ఆటోలో ఆమె తమ్ముడు కాచుకుని ఉన్నాడు.

“మంచం దొరికిందా అక్కా?”

“దొరికింది.”

“ఇంటికి పోదామా?”

“సమాధుల తోటకి పోనీరా.” ఎస్తేరమ్మ కళ్ళు తుడుచుకుంది. “పొద్దున పూడ్చినాక మెర్లిన్‌కి సిలువ నాటలేదు గదా.”