జూన్ ఒకటిన పుట్టినవాళ్లు

"పచ్చి అబద్ధం!" అని అరవబోయి ఇంద్రాణి తమాయించుకుంది. కోర్టు హాలు కదా.

ఎదురుగా ప్రభుత్వ న్యాయవాది జానయ్య ఆమె క్లయింటు సైదులు పదో తరగతి మెమోను పైకెత్తి చూపిస్తున్నాడు.

"పుట్టిన తేదీ ఒకటి జూన్ తొంభై ఒకటి. పద్దెనిమిది నిండి ఎనిమిది నెలలైంది. మైనరెట్ల అయితడు? బెయిల్ ఇవ్వొద్దు సార్."

తెలంగాణ బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు అద్దం పగిలింది. రాయి వేసినవాడు ఉడాయించాడు. నిలబడి చూస్తున్న ఇంటర్ కుర్రాడు సైదులు దొరికిపోయాడు. పన్నెండు రోజులుగా పెద్దవాళ్ల జైల్లో ఉన్నాడు. వచ్చే నెలే పరీక్షలు. మైనరని తేలితే ఇవాళే ఇంటికి పోవచ్చు.

వెనక నిలబడ్డ అతని తల్లి కిష్టమ్మ ఇక ఆగలేకపోయింది.

"పదహారేండ్లే సారూ నా కొడుక్కు! నేను కూలికి పోతే పిలగాన్ని ఎవలు చూస్తరని నాలుగేండ్లు నిండకముందే బడికి తోల్కపోయిన. తలమీదికెల్లి చెయ్యి చెవికి అందకపోతే పంతులే గుంజి అందించిండు. ఆరేండ్లని రాసుకున్నడు."

ఆ మాటలన్నీ ఇంద్రాణి పిటిషన్‌లో ఉన్నాయి. "ఊరిలో సగంమంది జూన్ ఒకటినే పుడతారా సార్? ఎముకల పరీక్షకు పంపించండి" అని అడిగింది.

జానయ్య గయ్యిమన్నాడు. "బడి కాగితమే కాగితం! ప్రతివాడు నా వయసు తప్పు రాసిండ్రని వస్తే సర్కారు నడుస్తదా?"

మెమో ఉండగా పరీక్ష అక్కర్లేదన్నారు జడ్జి. పిటిషన్ కొట్టేశారు. సైదులు మళ్లీ జైలు వ్యాన్ ఎక్కాడు. కిష్టమ్మ గేటు దాకా వెంట పరిగెత్తింది.

వరండాలో జానయ్య ఇంద్రాణిని ఆపాడు.

"మంచిగ వాదించినవమ్మా. గా పిటిషన్ కాపీ ఒకటి ఇయ్యరాదు?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. గెలిచింది చాలక వెక్కిరింపు కూడానా! కాపీ అతని మొహాన కొట్టినంత పని చేసి, ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఎక్కేసింది.

మూడోనాడు కూడా ఆ మంట చల్లారలేదు. చంపాపేట్ ఆఫీసులో సీనియర్ పట్టాభి గారు ఆమె ముందుకు ఒక ఫైలు తోశారు.

"ఆ కోపం కాస్త పక్కన పెట్టమ్మాయ్. ఇది అర్జెంటు. ఉద్యోగి రిటైర్మెంటు కేసు, మే ముప్ఫై ఒకటి దాటితే లాభం లేదు. డ్రాఫ్టు ఆయనే రాసుకొచ్చాడు. ఒకసారి సరిచూడు, చాలు."

ఇంద్రాణి విసురుగా ఫైలు తెరిచింది. రెండు వాక్యాలు చదివేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్షరం పొల్లుపోకుండా తన వాక్యాలే.

"తలమీదుగా చెయ్యి చెవికి అందకపోయినా పంతులు గుంజి అందించి, రెండేళ్లు ఎక్కువ వేసి జూన్ ఒకటని రాసుకున్నాడు కనుక, బడి కాగితాన్ని నమ్మి నన్ను ముందే ఇంటికి పంపడం అన్యాయం" అని ముగిసిన ఆ దరఖాస్తు కింద, ప్రభుత్వ న్యాయవాది జానయ్య సంతకం ఉంది.