ఏడు గంటల పరుగు

పళ్లెం చప్పుడుకి, డాబా మీద పరుగెత్తుతున్న కమలాకర్ ఉలిక్కిపడి ఆగాడు.

ఠంగ్... ఠంగ్... ఠంగ్...

ఎదురు డాబా మీద, రేకుల గది ముందు ఎవరో కూర్చున్నారు. నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల దుప్పటి. ముఖం కనబడదు. ఒళ్లో స్టీలు పళ్లెం, చేతిలో గరిటె.

"ఓ తాతా! పళ్లాలు కొట్టుడు పోయినేడే అయిపోయింది. నువ్వింకా కరోనాను ఎల్లగొడుతున్నవా?"

అతను పరుగెత్తితే చప్పుడు. ఆగితే ఆగుతుంది.

రాత్రంతా పరాయి రాష్ట్రంలోని కార్ఖానాలో, బట్ట నేసే సాంచాల మధ్య నిలబడి, ఏడింటికి గదికి చేరి, నిద్రపోకుండా డాబా మీద పరుగెత్తుతున్నాడు వారం నుంచి. షుగరు మూడొందలు దాటింది. ఆ నెలలో ఆ గల్లీలో కరోనాతో పోయిన ముగ్గురూ షుగరు ఉన్నవాళ్లే.

"పండుకోరాదే అన్నా," అన్నాడు అతని గదిలోనే ఉండే వినోద్.

"పొద్దుగాలనే ఉరకాలట. అందరు గదే చెప్తున్నరు."

"అందరు రాత్రి పండుకుంటరు."

మర్నాడు మళ్లీ అదే మోత.

ఈసారి దుప్పటిలోంచి చెయ్యి బయటికొచ్చింది. సూర్యుణ్ణి చూపించి, వద్దన్నట్టు ఊగింది. పడమటి దిక్కు చూపించి, రెండు వేళ్లతో మెల్లగా నడిచి చూపించింది.

కమలాకర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నోరు లేదా? దయ్యానివా ఏంది?"

మొండిగా పరుగెత్తాడు. పళ్లెం వేగం పెంచింది. ఆ మోత తన గుండెతో పాటే కొట్టుకుంటున్నట్టు అనిపించింది. పదకొండో చుట్టులో ఎడమ చెయ్యి లాగింది. కళ్లు చీకట్లు కమ్మాయి.

గల్లీ అంతా అదిరేలా పళ్లెం మోగింది. ఆ మోతకే నిద్ర లేచి వినోద్ పైకి ఉరికొచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరు హిందీలో తిట్టాడు. "రాత్రంతా పని చేసిన ఒంటికి పొద్దున ఏడంటే నడిరాత్రి. అప్పుడు పరుగెత్తిస్తావా? ముందు నిద్రపో. లేచాక, సాయంత్రం నడువు."

పది రోజుల తర్వాత, సాయంత్రం ఐదింటికి నడిచాడు. ఒళ్లు తేలిగ్గా ఉంది. ఎదురు డాబా మీద ఎవరూ లేరు. రేకుల గది తలుపు గాలికి కొట్టుకుంటోంది.

అరటిపళ్లు కొనుక్కుని ఆ ఇంటికి వెళ్లాడు. కింది గదిలో ఉండే వజ్రమ్మ మాస్కు పైకి లాక్కుని దూరంగా నిలబడింది.

"పైన తాత ఉండె గద అవ్వా?"

"ఏ తాత? కరోనా వచ్చిందని పైన సంతోషిని ఉంచిన్రు. ఇర్వై ఆరేండ్ల పిల్ల. దగ్గి దగ్గి గొంతు పోయింది. మొన్న అంబులెన్స్‌ల తీస్కపోయిన్రు. వాపసు రాలే."

కమలాకర్ అరటిపళ్లు గడప మీద పెట్టాడు.

"నేనెవరో ఆమెకు ఎరుకనా?"

"నువ్వెవరో ఏం ఎరుక బిడ్డా! డ్యూటీ దిగొచ్చి ఎవరు ఉరికినా ఆపేది." వజ్రమ్మ గొంతు తగ్గించింది. "మొన్న చలికాలం, రాత్రి డ్యూటీ దిగొచ్చి నువ్వు ఉరికే గా డాబా మీదనే ఉరుక్కుంట కూలి సచ్చిపోయిండే సోమలింగం, గాయన పెండ్లామే సంతోషి."