నలభై పేర్లు

"మీ ఇంట్లో ఓటున్నవాళ్ళు ఎంతమంది నాయనా?"

తలుపు తీసిన నెస్టర్ హావ్రిలుక్ ఆ ముసలావిడను ఎగాదిగా చూశాడు. ఊరికి కొత్త మొహం. చేతిలో నోటుబుక్కు, కాళ్ళకు బురద బూట్లు.

"నేనూ, నా కుక్కా. కుక్క పేరు కూడా రాసుకుంటావా పెద్దమ్మా?"

లోపల్నుంచి నెస్టర్ భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు పకపకా నవ్వారు.

"కుక్క వద్దులే. ఆ నవ్వుతున్నవాళ్ళ పేర్లు చెప్పు. సంతకాలు పెట్టించు."

"చెప్పను. ఏం చేస్తావ్?"

"చెప్పేదాకా ఇక్కడే నిలబడతాను."

నిజంగానే నిలబడింది. నెస్టర్ తలుపు దభాలున వేసేశాడు.

రాజధాని రెజీనా నుంచి వచ్చిన ఏ మనిషికీ ఏ లెక్కా చెప్పకూడదని మా స్వాన్ బెండ్ అంతా ఒక్క మాట మీద ఉంది.

మరి మండదా? రాజధానివాళ్ళు మా రైలు తీసేశారు. ధాన్యం గోదాం మూయించారు. ఇప్పుడేమో నియోజకవర్గాన్నే తుడిచేస్తామంటున్నారు. అరవై ఏళ్ళుగా మాకంటూ ఒక ఎమ్మెల్యే ఉన్నాడు. ఇకమీదట ఆస్పత్రిలో డాక్టరు లేడని మొరపెట్టుకోవాలన్నా, నూట యాభై మైళ్ళవతల పట్నం మనిషి గుమ్మంలో పడిగాపులు పడాలట!

నియోజకవర్గాల హద్దులు గీసే కమిషన్ ఆ రోజే రెండు గంటలకు ఊరి హాల్లో విచారణ పెట్టింది. పోస్టాఫీసు గోడకు వాళ్ళంటించిన నోటీసును నెస్టర్ చింపి, చదవకుండానే పొయ్యిలో పెట్టాడు. ఊరంతా భుజం తట్టింది.

పదింటికి ముసలావిడ కాఫీ హోటల్లోకి వచ్చింది. పొడుగు బల్ల చుట్టూ రోజూ కూర్చునే పదిమందీ ఉన్నారు, నెస్టర్‌తో సహా.

"నలభై పేర్లు కావాలి. పన్నెండులోపు," అంది కూర్చోకుండానే.

"ఓహో! పైనుంచి ఇన్నని చెప్పి పంపారా?" అన్నాడు నెస్టర్.

"మీ మంచికే అడుగుతున్నాను."

"రైలు తీసేసిననాడూ ఇదే మాట అన్నారు!"

బల్ల చుట్టూ అందరూ గొల్లున నవ్వారు.

"అది కాదు, నేను ఆ విచారణలో..."

"విన్నారా! కమిషన్ మనిషినని తనే ఒప్పుకుంది!"

"మాట పూర్తిగా విని చావండి! మీ పొగరు నాకేం కొత్త కాదు. మావాళ్ళకీ ఉండేది."

"అయితే మీవాళ్ళ దగ్గరికే పో."

ఆవిడ మొహం పాలిపోయింది. అయినా కదల్లేదు.

హోటల్ నడిపే ఒలీనా పోయబోయిన కాఫీ జగ్గును వెనక్కి తీసుకుంది.

"కాఫీ తాగకపోతే నేనేం చావను," అంది ఆవిడ. "పేర్లు చెప్పండి."

నెస్టర్ లేచి వీధి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. ఆవిడ అతని కళ్ళలోకి సూటిగా చూసి బయటికి నడిచింది. కిటికీలోంచి చూస్తే, ఎదురింటి తలుపు కొడుతోంది.

"మహా మొండిఘటం," అంది ఒలీనా.

రెండింటికి హాలు కిటకిటలాడింది. అందరం చేతులు కట్టుకుని, మొహాలు గంటుపెట్టుకుని కూర్చున్నాం.

"మీ నియోజకవర్గం నిలబడాలంటే నాలుగువేలమంది ఓటర్లుండాలి," అన్నాడు కమిషన్ అధ్యక్షుడు. "మా లెక్కకు నలభైమంది తక్కువ."

"ఎవడన్నాడు తక్కువని? మేం నాలుగువేలకు పైనే ఉన్నాం!" నెస్టర్ లేచి అరిచాడు. "కళ్ళు లేవా మీకు?"

"ఉండొచ్చండి. ఓటర్లను లెక్కపెట్టడానికి మా మనిషి వచ్చినప్పుడు మీరు తలుపులే తియ్యలేదుగా! అందుకే, తప్పిపోయిన పేర్లు సంతకాలతో ఇవాళ పన్నెండులోపు ఇవ్వొచ్చని నోటీసు అంటించాం."

మా చూపులన్నీ నెస్టర్ మీదికి తిరిగాయి.

"ఆ గడువు కూడా మేమంతట మేం ఇచ్చింది కాదు. సోల్వేగ్ బ్రాటన్ అనే ఒకావిడ ఏడాదిపాటు మా ఆఫీసు చుట్టూ తిరిగి, పోట్లాడి సాధించింది. ఇవాళ పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా తన నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. అందులో తొమ్మిది పేర్లున్నాయి."



"ఆరుగురం! మా ఇంట్లో ఆరుగురం, రాసుకోండి!" నెస్టర్ బల్లలు తోసుకుంటూ ముందుకురికాడు.

"మా ఇంట్లో ముగ్గురు!"

"మేం నలుగురం! మంచాన పడ్డ మా అమ్మకీ ఓటుంది బాబూ!"

ఎవరికి వాళ్ళు చేతులెత్తి అరుస్తున్నారు. ఒక్క నిమిషంలో నలభై దాటిపోయి ఉంటాయి.

అధ్యక్షుడు తల అడ్డంగా ఊపాడు. "గడువు గడువేనండీ. మా చేతుల్లో లేదు."

"ఆవిడ ఏదీ? ఆవిణ్ణి పిలవండి! ఆవిడైతే మీతో పోట్లాడుతుంది!"

"ఒంటిగంట బస్సుకి వెళ్ళిపోయింది. మీకు చదివి వినిపించమని ఈ కాగితం ఇచ్చింది."

చదివాడు.

"స్వాన్ బెండ్ వాళ్ళు పేర్లు చెప్పలేదు గానీ, ఉన్నారు. నా కళ్ళతో చూశాను. ఎనిమిదేళ్ళకు హద్దులు మళ్ళీ గీస్తారు. బతికుంటే అప్పుడూ వస్తాను. తలుపు వేసేస్తే కిటికీలోంచి అడుగుతాను."

ఎవరికీ నవ్వు రాలేదు. నెస్టర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. సిగ్గుతో మా అందరి తలలూ వాలిపోయాయి.

"మేం ఆవిడకేమవుతామని?" అంది ఒలీనా. "మాకోసం ఎందుకంత పట్టు పట్టింది?"

అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి, కాగితం మడిచి అన్నాడు.

"ఉత్తరాన లోన్ పాప్లర్ అని ఒక నియోజకవర్గం ఉండేది, జనం లెక్కల మనిషికి తలుపులు మూసుకున్నందుకు పోయినసారి దాన్ని తుడిచేశాం, దాని ఆఖరి ఎమ్మెల్యే ఆవిడే."