తొంభయ్యో అంతస్తు ఇంగ్లీషు

హైమవతి మొగుడు సోమసుందరానికి లోకం ఎటు పోయినా ఫరవాలేదు గానీ, ఇంగ్లీషు వాక్యం మాత్రం వంకర పోకూడదు. అందుకే పెళ్లిరోజుకి చీర మానేసి, ఊరంతా పెట్టుకుంటున్న, తన చెవికీ ఉన్న దిద్దుపూస కొనిచ్చాడు. చెవికి అది ఉంటే నోట్లోంచి వచ్చిన తప్పు ఇంగ్లీషు గాలిలోనే సర్దుకుని, మన గొంతుతోనే ఒప్పుగా వినిపిస్తుంది.

తొంభయ్యో అంతస్తు పైన డాబా మీద, మబ్బులు తప్పుకున్నప్పుడల్లా హైమవతీ, పక్కింటి అస్సామీ ఆవిడ జొనాలీ వడియాలు ఎండబెట్టేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ అతుకులేసి కుట్టుకున్న ఇంగ్లీషులోనే ఇన్నేళ్లూ నవ్వుకున్నారు.

పూస పెట్టుకున్న రోజు హైమవతి, జ్వరం పడి లేచిన జొనాలీ కొడుకు గురించి, "సన్ ఈటింగ్, నాట్ ఈటింగ్?" అని అడిగింది. "ఐ ట్రస్ట్ యువర్ సన్ హాజ్ రిగెయిన్డ్ హిజ్ అపెటైట్" అని వినిపించింది. జొనాలీ బ్యాంకు మేనేజరుని చూసినట్టు చూసి, "థాంక్యూ మేడమ్" అని దిగిపోయింది. మళ్లీ డాబా ఎక్కలేదు.

హైమవతి పూస తియ్యలేదు. మొగుడితోనూ ఇంగ్లీషే మొదలుపెట్టింది.

"కాఫీ ఏదే?"

"ఐ రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యూ..."

ఆ తర్వాత ఇంట్లో నవ్వు వినపడలేదు. ఒక పొద్దున మబ్బొకటి వంటింట్లోకొచ్చి కూర్చుంది. అందులోంచి ఆవిడ ముక్కు ఎగబీల్చడం సోమసుందరానికి వినపడింది. తన పూస తీసి పోపుడబ్బాలో పడేసి, వడియాల గిన్నెతో వెళ్లి జొనాలీ తలుపు తట్టాడు.

"సిస్టర్, మై వైఫ్ నో మిస్టేక్" అన్నాడు. "ఆల్ మిస్టేక్ మైన్ ఓన్లీ."