విదిలించిన చెయ్యి

"ఇవాళ కూడా విదిలించాడు, ముసలి వెధవ!"

భార్గవ్ హెల్మెట్ తీసి సోఫా మీదికి విసిరేశాడు. హెల్మెట్ లేకుండా సైకిలు తొక్కితే ఫైన్ అని చట్టం వచ్చిన కొత్త రోజులవి. పొద్దుటి కోపం సాయంత్రానికి కూడా చల్లారలేదు.

"ఎవరండీ?" అంది కిరణ్మయి వంటింట్లోంచి.

"ఇంకెవడు? ఆ పసుపు హెల్మెట్ వాడే. రోజూ ఆఫీసుకెళ్లేప్పుడు నా ముందే తొక్కుతుంటాడు. తొక్కుతూ తొక్కుతూ చెయ్యి నడుం వెనక్కి పెట్టి, కుక్కని అదిలించినట్టు ఇలా, ఇలా! అదీ ఎడమ చేత్తో!"

"మీకేనా చేసేది?"

"వెనకాల ఉన్నది నేనేగా! ఈ తెల్లవాళ్ల రోడ్డు మీద మనం కనిపించకూడదు. పక్కకి పొమ్మంటున్నాడు."

"ఆపి అడగొచ్చుగా?"

"ఏమని? నన్నెందుకు అదిలిస్తున్నారు సార్ అనా?"



వాళ్లు సిడ్నీ వచ్చి, టూంగాబీలో ఇల్లు తీసుకుని ఏడాది కాలేదు. స్టేషన్ గోడ మీద 'ఏసియన్స్ అవుట్' అని ఎవడో నల్లరంగుతో రాసిపెట్టాడు. అది చూసినప్పుడల్లా భార్గవ్‌కి ఒళ్లు మండేది. ఆ రాసినవాడు దొరకలేదు. ఈ ముసలాడు దొరికాడు.

చేసేదంతా చేసి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు "మార్నింగ్, మేట్!" అంటూ నవ్వుతాడు కూడా. భార్గవ్ మొహం తిప్పుకునేవాడు.

మర్నాడు మళ్లీ అదే. చెయ్యి వెనక్కొచ్చింది. విదిలించింది. తల వంచుకుని తొక్కుతున్న భార్గవ్‌కి ఆ చెయ్యి తప్ప ఇంకేం కనిపించలేదు. రోడ్డు పక్కన ఆపిన పాలవ్యాను భుజానికి రాసుకున్నంత దగ్గరగా పోయినా పట్టించుకోలేదు.

వాణ్ణి దాటాలి. ఒక్కసారి దాటితే చాలు.

కానీ భార్గవ్‌ది మౌంటెన్ బైకు. అందరూ కొంటున్నారని కొన్నాడు. "టూంగాబీలో కొండలెక్కడున్నాయండీ?" అని కిరణ్మయి అప్పుడే నవ్వింది. లావు టైర్లు తీసేసి సన్నవి వేయించాడు. అయినా ముసలాడి వెనక చక్రమే గతి అయింది. ఇక లాభం లేదని ఆ శనివారం పెద్దరోడ్డు మీది సైకిల్ షాపుకెళ్లాడు.

"అన్నిటికన్నా వేగంగా పోయేది కావాలి," అన్నాడు.

షాపు నడిపే జూడీ ఎర్రటి రోడ్ బైకు దింపింది. వేలెడు మందం టైర్లు, వంకర హ్యాండిలు. ఒంటిచేత్తో ఎత్తితే లేచింది.

"దీంతో జాగ్రత్త, మేట్. సన్నటి టైరు, గుంతలో పడితే మనిషి ఎగిరిపోతాడు. ఆదివారం మా బృందంతో రా, రోడ్డు మీద ఎలా తొక్కాలో మా నాన్న నేర్పిస్తాడు."

"నాకు తొక్కడం వచ్చు," అన్నాడు భార్గవ్.

సోమవారం పొద్దున్న పసుపు హెల్మెట్ కనపడగానే పళ్లు బిగించాడు. కొత్త బైకు మాట విన్నది. ముసలాడి పక్కకొచ్చాడు. దాటాడు.

"గుడ్ ఆన్ యూ, మేట్!" అని శభాష్ అన్నట్టు వెనకనుంచి కేక.

వెక్కిరింత! ఇంకా వెక్కిరింతే!

భార్గవ్ ఎడమ చెయ్యి నడుం వెనక్కి పెట్టి, ఇన్నాళ్లుగా తిన్నదంతా వడ్డీతో సహా విదిలించాడు. పో. పక్కకి పో.

వెనకాల లారీ హారన్ గట్టిగా మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. ఈ దేశంలో హారన్ కొట్టేది తిట్టడానికే. తిట్టుకోనీ అనుకున్నాడు. తిరిగి చూస్తే గెలిచిన ఆనందం సగం పోతుందని తిరిగి చూడలేదు.

మర్నాడు ముసలాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

"పారిపోయాడు," అన్నాడు భార్గవ్ భోజనాల దగ్గర. "ఒక్క దెబ్బకి!"

కొత్త బైకుకి బ్రేకు తీగలు వదులైతే బిగింపించుకోవడానికి మళ్లీ షాపుకెళ్లాడు. కౌంటర్ మీద ఓ ఫోటో, దాని ముందు పూలు. ఫోటోలో పసుపు హెల్మెట్, అదే నవ్వు.

"మా నాన్న," అంది జూడీ. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "పోయిన సోమవారం పొద్దున్న ఈ పెద్దరోడ్డు మీదే లారీ గుద్దింది."

భార్గవ్ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వూ ఆ రోడ్డునే వెళ్తావా? నాన్న వెనకాల ఓ ఇండియన్ కుర్రాడు మౌంటెన్ బైకు మీద వచ్చేవాట్ట. తల ఎత్తడు, రోడ్డు చూడడు, ఏదో ఒకరోజు ఆగివున్న కారుని గుద్దుతాడు అని నాన్నకి ఒకటే బెంగ. అతను వచ్చేదాకా మా ఇంటి ముందు ఆగి మరీ బయల్దేరేవాడు. ఎడమ పక్క అడ్డం ఏదైనా ఉంటే ఇలా చూపించేవాడు."

జూడీ ఎడమ చెయ్యి నడుం వెనక్కి పెట్టి విదిలించింది.

"అంటే కుడికి జరగమని. సైకిలు తొక్కేవాళ్లందరం ఇలాగే చూపించుకుంటాం. అతనెవరో నీకు తెలుసా? అంత్యక్రియలకి పిలుద్దామనుకున్నాం."

"తెలీదు," అన్నాడు భార్గవ్.

"పోలీసులు ఎడమ పక్క ఏమీ లేదన్నారు. గుంత లేదు, కారు లేదు. మరి లారీకి అడ్డంగా కుడికెందుకు జరిగాడో!"

భార్గవ్ ఎడమ చెయ్యి జేబులో దాచుకున్నాడు.

"ముందు ఎవరో చెయ్యి చూపించి ఉంటారు," అంది జూడీ, ఫోటో వైపు చూస్తూ. "ముందు తొక్కేవాడు చూపిస్తే నాన్న వెనక్కి కూడా చూసుకోడు, జరుగుతాడంతే. వాడు ఏ దేశంవాడైనా సరే, ఆయనకి మనవాడే."